టీచరమ్మ తిరిగిన కార్తీక దారి

కార్తీక సోమవారం నాడు శివుడి గుడికి పోవద్దని చెప్పిన భక్తురాలు నల్లగొండ జిల్లా మొత్తం మీద మా టీచరమ్మ ఒక్కరే అయి ఉంటారు. కారణం అడిగితే "జనం అడ్డం నిలబడితే వెలుతురు రాదు బిడ్డా" అనేవారు. ఆ మాట అర్థం కావాలంటే పానగల్లు పోవాలి.

జిల్లా పరిషత్తు హైస్కూళ్లలో ఫిజికల్ సైన్సు చెప్పి 58 ఏళ్లకు రిటైరయ్యాక, టీచరమ్మ ప్రతి కార్తీకంలో ఒక జీపు మాట్లాడి పది మందిని నాలుగు రోజులు తిప్పేవారు. నేత చీర, కాళ్లకు క్యాన్వాస్ బూట్లు. భుజాన సంచిలో కుంకుమ భరిణె, స్టీలు గ్లాసు, ఒక అయస్కాంతం, సబ్బుపెట్టెలో లిట్మస్ కాగితాలు, ఆ ఏటి పంచాంగం, దారం కట్టిన పెన్సిలు. చూసినవీ కొలిచినవీ పంచాంగంలో ఆ తిథి పక్కనే రాసేవారు. ఏకాదశి పక్కన "మూసీ నీళ్లు, నురుగు, వాసన" అని ఉంటుంది. ఈ ఆషాఢంలో కాలం చేశారు. కార్తీకం రాగానే పాత శిష్యులం ఐదుగురం అదే సంచితో, అదే వరుసలో పోయి వచ్చాం. డ్రైవరు కూడా పాతాయనే, ఆమె ఎక్కడ ఆపించేవారో మాకంటే ఆయనకే బాగా తెలుసు.

శనివారం, పానగల్లు

నల్లగొండ టౌను నుంచి నాలుగు కిలోమీటర్లు. కందూరు చోళుల కాలపు ఛాయా సోమేశ్వరాలయం. మూడు గర్భగుళ్లు, నడుమ ఉమ్మడి మండపం. ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం ఆకారంలో నీడ పడుతుంది. పొద్దున చూసినా మాపటేళ చూసినా అక్కడే ఉంటుంది. సూర్యుడు కదులుతుంటే నీడ ఎందుకు కదలదన్నదే ఈ గుడి పేరంతా.

టీచరమ్మ పద్ధతిలో ముందు దండం, తీర్థం, తర్వాతే ప్రశ్న. అదీ గుడి బయట, కోనేటి గట్టు మీద. జవాబు ఆమె నోటితో చెప్పరు, చెప్పుల డబ్బాతో చెప్పిస్తారు. ఇంట్లో పిల్లలున్న వాళ్లు చేసి చూడండి. డబ్బాను పక్కకు పడుకోబెట్టి, ఒక గోడను తెరగా ఉంచుకుని, ఎదురు గోడకు నిలువుగా ఒక కిటికీ కోయాలి. లోపల సుద్దముక్కలు నాలుగు మైనంతో నిలబెట్టాలి, స్తంభాలన్నమాట. బయట అడుగు దూరంలో ఫోను టార్చి పట్టుకుని తూర్పు నుంచి పడమరకు మెల్లగా జరపాలి. తెర మీద సుద్దముక్క నీడ టార్చికి ఎదురు దిక్కుకు పరుగెడుతుంది. ఇప్పుడు కిటికీకి మిర్చి బజ్జీలు కట్టిన నూనె కాగితం అంటించి మళ్లీ జరపండి. నీడ నిలబడిపోతుంది. టార్చి ఎటు పోయినా చిక్కనవుతుంది, పలచనవుతుంది కానీ చోటు మారదు. ఎందుకంటే ఇప్పుడు సుద్దముక్కకు దీపం టార్చి కాదు, వెలుగుతున్న కిటికీ. కిటికీ కదలదు కదా. గుడిలోనూ అంతే. ఎండ నేరుగా లోపలికి రాదు, తెరిచిన దిక్కుల నుంచి చెదిరిన వెలుతురే వస్తుంది. సోమవారం ఆ దిక్కుల్లోనే జనం కిక్కిరిసి నిలబడతారు, నీడ మసకబారుతుంది.

ఇందులో తప్పులు మూడు చోట్ల జరుగుతాయి. కిటికీ సుద్దముక్క కంటే మరీ వెడల్పుగా కోస్తే నీడ అంచులు కరిగిపోయి ఏమీ కనపడదు. సుద్దముక్క తెరకు దూరమైనా అదే గతి. గదిలో ట్యూబులైటు ఆర్పకపోతే అసలు మొదలే లేదు. ఈసారి మేం చేసినప్పుడు నూనె కాగితం బదులు పాల ప్యాకెట్టు కవరు పెట్టాం. దాని మీది అచ్చు రంగు నీడలో కలిసి గందరగోళమైంది. కోనేటి గట్టు మీద పూలమ్మే అవ్వ చూసి నవ్వింది. "టీచరమ్మ బజ్జీలు తిన్నంకనే డబ్బ తీసేది, మీరు తినకుంటనే మొదలువెట్టిన్రు" అంది. పూలు ఇరవై రూపాయలన్నది, ఇచ్చేటప్పుడు ఇంకో మూర కలిపింది.

దగ్గర్లోనే పచ్చల సోమేశ్వరాలయం. లింగంలో పచ్చలు పొదిగి ఉండేవని, వెలుగు గోడల మీద పడేదని చెప్పుకుంటారు. గోడల మీద రామాయణ భారత శిల్పాలు, ఆవరణలో పురావస్తు ప్రదర్శనశాల. గంట సేపు పెట్టుకోండి, అర గంటలో అయ్యేది కాదు. ఊరి పక్కన ఉదయసముద్రం చెరువు, ఉదయచోళుడి పేరు మీద తవ్వింది. ఇప్పుడు అందులోకి కృష్ణా నీళ్లు తెచ్చి నల్లగొండకు తాగడానికి ఇస్తున్నారు.

ఆదివారం, వాడపల్లి

మిర్యాలగూడ దాటి అద్దంకి రోడ్డు పట్టుకుంటే దామరచర్ల మండలంలో వాడపల్లి. మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటు. రెండు గుళ్లు. ఒకటి లక్ష్మీనరసింహస్వామిది, టీచరమ్మ ఇష్టదైవం. రెండోది అగస్త్యేశ్వరుడిది.

నరసింహస్వామి ముందు రెండు దీపాలు. స్వామి ముఖం ఎత్తున ఉన్నది ఊగుతూ ఉంటుంది, కిందిది నిశ్చలంగా ఉంటుంది. పైది స్వామి ఉచ్ఛ్వాస నిశ్వాసలకు ఊగుతుందని విశ్వాసం. అయ్యగారు హారతి పక్కకు జరిపి రెండూ చూపించారు. గర్భగుడిలో టీచరమ్మ ఏనాడూ ఏదీ కొలవలేదు. బయటికొచ్చాక మాత్రం ఇంటికి పని ఇచ్చేవారు. చలికాలం రాత్రి వంటిల్లు వేడిగా, వసారా చల్లగా ఉన్నప్పుడు తలుపు జానెడు తెరవాలి. కొవ్వొత్తిని గడప దగ్గర పెడితే మంట లోపలికి వాలుతుంది. పైకమ్మి దగ్గర పెడితే బయటికి వాలుతుంది. నడుమ ఒక ఎత్తులో కదలకుండా నిలబడుతుంది. వేడిగాలి పైనుంచి పోతుంది, చల్లగాలి కిందినుంచి వస్తుంది, రెంటికీ మధ్య గాలి లేని గీత ఒకటుంటుంది. ఫ్యాను ఆపకుండా చేసి "రాలేదు టీచర్" అన్నవాళ్లకు మాత్రం చీవాట్లు. "మరి గుడిలో దీపం ఇందుకేనా?" అని అడిగితే, "ఇంట్లో తేలింది ఇంటికే. గుడిలో నేను కొలవలేదు, కొలవంది చెప్పను" అనేవారు. అడిగినవాళ్లకు కొంచెం నిరాశగానే ఉండేది.

అగస్త్యేశ్వర లింగం నెత్తిన చిన్న గుంట, అందులో ఎప్పుడూ నీళ్లు. వేటగాడి నుంచి తప్పించుకున్న పక్షి స్వామిని శరణు వేడిందట, పక్షికి బదులు నా తల మీది మాంసం తీసుకో అన్నాడట శివుడు. ఆ గాయం కడగడానికి గంగ వచ్చిందని స్థలపురాణం. ఈ కథ చెప్పేటప్పుడు టీచరమ్మ గొంతు మారేది. లిట్మస్ కాగితం సంచిలోనే ఉండేది, తీసేవారు కాదు.

సంగమం దగ్గర రెండు నీళ్లకూ తేడా కంటికే తెలుస్తుంది. మూసీ హైదరాబాదు మురుగంతా మోసుకొస్తుంది. స్నానం చేసేవాళ్లు కృష్ణ వైపు, మూసీ కలవకముందే ఎగువన చేయండి. ఒడ్డున దీపాలు వదిలేవాళ్లు ఉసిరికాయ దీపాలు పదికి రెండు అమ్ముతున్నారు. అరటి దొప్పలో పెట్టినవి కొనండి, థర్మోకోల్ ప్లేట్లవి వద్దు. ఇసుకలో పిల్లలకు ఒక ఆట ఉంది. అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి పొడి ఇసుకలో తిప్పితే నల్లటి ఇనుప రేణువులు అంటుకుంటాయి. కవరు విప్పి అయస్కాంతం తీసేస్తే రేణువులన్నీ కాగితం మీద రాలిపోతాయి. కవరు లేకుండా ముంచితే ఆ నలుపు ఇక జన్మలో వదలదు. తడి ఇసుకలో సరిగా రాదు.

ఆదివారం రాత్రి, సాగర్

డ్యామ్ గురించి పొడుగ్గా అక్కర్లేదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన, 1967లో కాలువలకు నీళ్లు, 26 గేట్లు, పూర్తి మట్టం 590 అడుగులు. రాతి కట్టడం కాబట్టి కూలీల చేతులు చూడాలి అందులో, అనేవారు టీచరమ్మ. మేం పోయిన రోజు గేట్లన్నీ మూసే ఉన్నాయి.

అసలు పని చీకటి పడ్డాక. కార్తీకంలో నక్తం ఉండేవాళ్లు పగలంతా ఉపవాసముండి నక్షత్రం చూశాకే తింటారు. "ఏ నక్షత్రం?" అన్నది టీచరమ్మ పరీక్ష. మొదట మెరిసిందాన్ని చూపించి ప్లేటు అందుకోబోయిన వాళ్లకు అన్నం పెట్టేవారు కాదు. అది తరచుగా గ్రహమే అయ్యేది. మాసం పేరు కార్తీకం అంటే పున్నమి చంద్రుడు కృత్తిక దగ్గర ఉంటాడని. కాబట్టి చూడాల్సింది కృత్తికలను. ఈ నెలలో పొద్దు గూకిన కాసేపటికి తూర్పున, కొంచెం ఉత్తరం వైపుకు జరిగి లేస్తాయి. పల్లెల్లో పిల్లలకోడి అంటారు, చిన్న గుంపు. దీపాలకు వీపు పెట్టి, ఫోను జేబులో పెట్టుకుని పది నిమిషాలు ఆగితే ఆరు చుక్కలు విడివిడిగా లెక్కపెట్టొచ్చు. సూటిగా చూస్తే మసక, కాస్త పక్కకు చూస్తే స్పష్టం. కొద్దిగా కింద ఎర్రగా కనిపించేది రోహిణి. ఏడున్నర దాకా ఐదుగురిలో ఇద్దరికి నాలుగే దొరికాయి. డ్రైవరు ఆరూ చెప్పేశాడు, ఇన్నేళ్లుగా ఆకలి మీద నేర్చుకున్న విద్య మరి.

భోజనం ఒక ఇంట్లో. జొన్న రొట్టెలు, ఉల్లి లేని పచ్చిపులుసు, చిక్కుడుకాయ కూర, మనిషికి నూట ఇరవై. ఇంటావిడ రొట్టె వేడిగా వేస్తూ "చల్లారినంక తింటె మాకు మాట" అని పక్కనే నిలబడింది.

సోమవారం, మర్రిగూడ వైపు

ఇవాళ గుళ్లు లేవు. టీచరమ్మ ఉద్యోగం ఎక్కువ ఏళ్లు చేసింది ఈ పక్కనే, మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి మండలాల ఊళ్లలో. మల్లేపల్లి దాటాక ఫోను మ్యాపు మమ్మల్ని కాలువ కట్ట ఎక్కించింది. అర మైలు పోయాక దారి లేదు. జీవాలు కాసే తాత, "గీ కట్ట మీద నీళ్లు పోతయ్ గని బండ్లు పోవు" అని తేల్చాడు. వెనక్కి తిప్పడానికి చోటు లేక రివర్సులోనే వచ్చాం.

ఇక్కడి నేల గ్రానైటు. రాతిలోని ఫ్లోరైడు బోరు నీళ్లలోకి దిగుతుంది. ఎంత లోతు బోరైతే, నీళ్లు రాతిని ఎంత ఎక్కువ కాలం అంటిపెట్టుకుని ఉంటే, అంత ఎక్కువ దిగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు. ముందు పళ్లు గారపట్టడం, ఏళ్లు గడిస్తే బొక్కలు వంగడం. నడుములు వంగిన పెద్దవాళ్లు ఇప్పటికీ అరుగుల మీద కనిపిస్తారు. ఒక అవ్వ తల ఎత్తలేక కళ్లు మాత్రమే పైకెత్తి చూసి "సైన్సు టీచరమ్మ పిల్లలా?" అంది. మేం చెప్పకముందే. సంచిని గుర్తుపట్టింది.

నీళ్లలోంచి ఫ్లోరైడు తీయడానికి ఈ జిల్లా పేరు మీద ఒక పద్ధతి ఉంది, నల్గొండ టెక్నిక్. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, నీరి, తయారుచేసింది, ఆఫ్రికా దేశాల దాకా పోయింది. టీచరమ్మ దాన్ని లూనా మీద ఇంటింటికీ మోశారు. నలభై లీటర్ల బకెట్టుకు అడుగు నుంచి కొంచెం పైన కుళాయి బిగించాలి. నీళ్లలో ముందు సున్నం, చిటికెడు బ్లీచింగ్ పౌడరు కలపాలి, తర్వాత పటిక ద్రావణం. లీటరు నీళ్లలో వంద గ్రాముల పటిక కరిగించి పెట్టుకుంటే ఒక్కో మిల్లీలీటరుకు వంద మిల్లీగ్రాముల లెక్క. లీటరుకు 400 మిల్లీగ్రాములు పడాలనుకుందాం, నలభై లీటర్లకు 16 గ్రాములు, అంటే 160 మిల్లీలీటర్ల ద్రావణం. సున్నం పటికలో ఇరవయ్యో వంతు, 0.8 గ్రాము. ఒక నిమిషం జోరుగా, పది నిమిషాలు నెమ్మదిగా కలిపి, గంటకు తక్కువ కాకుండా కదపకుండా వదిలేయాలి. తెల్లటి గడ్డలు ఫ్లోరైడును పట్టుకుని అడుగుకు చేరతాయి. పైనున్న నీళ్లే కుళాయిలో వస్తాయి.

చెడిపోయేది ఎక్కడంటే, పటిక మోతాదు అన్ని ఊళ్లకూ ఒకటి కాదు. నీళ్లలో ఎంత ఫ్లోరైడు, ఎంత క్షారత ఉందో చూసి నిర్ణయించాలి. క్షారత తక్కువైన నీళ్లలో పటిక ఎక్కువేస్తే పులుపెక్కుతాయి, అల్యూమినియం మిగులుతుంది. కోడలు ఆలస్యమవుతుందని జోరుగానే కలిపితే గడ్డలు విరిగిపోయి అడుగుకు దిగవు. బకెట్టు కదిపితే మొదటికొస్తుంది. అడుగు మడ్డిని పశువుల తొట్టి దగ్గర పారబోయడం ఇంకో తప్పు. "కాగబెట్టినం కదా టీచర్" అనే మాటకు ఆమెకు ఒళ్లు మండేది. కాగబెడితే నీళ్లు ఆవిరవుతాయి, ఫ్లోరైడు ఉన్నచోటే ఉండి ఇంకా చిక్కబడుతుంది. సొంత కిట్టుతో పరీక్షించేవారు. ఎర్రగా ఉన్న మందు ఫ్లోరైడు తగిలితే పసుపు వైపు తిరుగుతుంది, రంగుల పట్టీతో పోల్చుకోవాలి. ఎండలో పోల్చొద్దు, నీడలో తెల్ల కాగితం మీద పెట్టాలి.

నిజం చెప్పాలంటే బకెట్ల పద్ధతి చాలా ఇళ్లలో నాలుగు నెలలకు మించి నడవలేదు. రోజూ గంటన్నర పని ఎవరు చేస్తారు? మనుషులను మార్చింది నల్లాలో వచ్చిన నది నీళ్లే. చౌటుప్పల్ దగ్గర మిషన్ భగీరథ పైలాను పెట్టినప్పుడు టీచరమ్మ అక్కడికి కొబ్బరికాయ పట్టుకుని పోయారు, చేతిలో కిట్టు కూడా ఉంది.

మధ్యాహ్నం మళ్లీ పచ్చిపులుసే. చింతపండు తింటే ఫ్లోరైడు మూత్రంలో ఎక్కువ బయటికి పోతుందని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు చూపించారు. ఇది తెలిసినప్పటి నుంచి ఆమె బడి మధ్యాహ్న భోజనాల్లో పులుసు పలచగా పోస్తే ఊరుకునేవారు కాదట.

దేవరకొండ కోట చూస్తూ పోయాం, ఎక్కలేదు. డిండి దాటి చీకటికి అచ్చంపేట.

మంగళవారం, ఉమామహేశ్వరం

రంగాపూర్ దగ్గర కింద భోగమహేశ్వరం, ఘాట్ ఎక్కితే ఉమామహేశ్వరం, శ్రీశైలానికి ఉత్తర ద్వారం. పేదల ఊటీ అంటారు, పొద్దున ఆరింటికి పోతే ఆ పేరు ఒప్పుకుంటారు. కొండచరియ కిందే గుడి. పాపనాశనం దగ్గర రాతిలోంచి నీళ్లు చుక్కలుగా ఎడతెగక పడతాయి. నల్లమల పైన కురిసిన వాన రాతి పగుళ్లలో దిగి ఇలా ఊరుతుంది.

ఇక్కడ టీచరమ్మ ప్రతి ఏడూ ఒకే చోట, అదే స్టీలు గ్లాసు పెట్టి, నిండటానికి ఎంత సేపు పడుతుందో పంచాంగంలో రాసేవారు. గ్లాసు మీద ఎవరిదో పెళ్లి తేదీ చెక్కి ఉంటుంది. బడి ల్యాబులో కొలిచి, అంచు దాకా 200 మిల్లీలీటర్లని అడుగున గీరి పెట్టుకున్నారు. నిరుడు 3 నిమిషాల 50 సెకండ్లు. అంటే నిమిషానికి 52 మిల్లీలీటర్లు.

గ్లాసు కింద పెట్టి దండం పెట్టుకునే లోపు కోతి ఎత్తుకుపోయింది. ఇక్కడ చేతిలో ఏదీ పెట్టుకోకూడదు, కవరు చప్పుడు అసలే చేయకూడదు. అరటిపండు విసిరితే కోతి గ్లాసు వదిలేసింది, మెట్ల మీద దొర్లి పెద్ద సొట్ట పడింది. అలాగే పెట్టాం. 4 నిమిషాల 20 సెకండ్లు పట్టింది. రాయబోతే డ్రైవరే ఆపాడు. "సొట్ట పడ్డది కదన్నా, ఇప్పుడది రెండొందలు పట్టదు."

మంగళవారం సాయంత్రం, పిల్లలమర్రి

కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా పాలమూరు. టౌను నుంచి నాలుగు కిలోమీటర్లు పిల్లలమర్రి. 700 ఏళ్ల చెట్టు అంటారు, మూడెకరాలకు పైన పరుచుకుని ఉంది. 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ విరిగి పడింది, చెదలు లోపలంతా తినేశాయి. మరుసటి ఏడు మందు పెట్టారు. మొదట కాండానికి రంధ్రాలు చేసి క్లోర్‌పైరిఫాస్ పోస్తే లోపలికి పోకుండా బయటికి కారిపోయింది. అప్పుడు ఆసుపత్రిలో ఎక్కించినట్టు సెలైన్ సీసాలు వేలాడదీసి చుక్క చుక్కగా ఎక్కించారు. చెట్టు తాగే వేగానికి మందు తగ్గించడమే కిటుకు. బరువైన కొమ్మలకు కింద దిమ్మెలు కట్టారు. ఊడ గాలిలో ఎండిపోకుండా మట్టి నింపిన గొట్టంలోంచి నేలకు దించడం మర్రికి చేసే ఇంకో వైద్యం. నేలలో పట్టుకున్న ఊడ కొన్నేళ్లకు స్తంభమవుతుంది. ఆ సీసాల సంగతి పేపరులో చూసి టీచరమ్మ మర్నాడే బస్సెక్కి వచ్చారు, గేటు మూసి ఉంటే కంచె బయట నుంచే ఒక సీసాలో నిమిషానికి ఎన్ని చుక్కలో లెక్కపెట్టుకుని పోయారు. డెబ్బై దాటిన మనిషి.

బయట మెడికల్ షాపులో పది మిల్లీలీటర్ల సిరంజి కొన్నాం, పన్నెండు రూపాయలు. టీ కొట్టు బల్ల మీద సొట్ట గ్లాసులో నీళ్లు నింపుతూ లెక్కపెట్టాం. సిరంజిలో బుడగ ఉంటే ప్రతిసారీ కొంత తక్కువ పడుతుంది, మొన పైకి పెట్టి తట్టి తోసేయాలి. పద్దెనిమిది సార్లు నిండుగా, ఆపైన ఆరు. మొత్తం 186. సొట్ట లెక్కలోకి తీసుకోకపోతే నిమిషానికి 46 అని రాసేవాళ్లం. టీ కొట్టాయన మూడోసారి కూడా తనే లెక్కపెట్టి "నూటా ఎనభై ఆరే" అన్నాక, పంచాంగంలో ఆ తిథి పక్కన 43 అని రాసి, కింద చిన్నగా "గ్లాసు సొట్ట, 186, కోతి" అని చేర్చాం.